తొలి పడవగా పాత మోటారు బోటు: విశాఖలో వెదకడం నుంచి నీటిలోకి దించేదాకా

విశాఖపట్నంలో పాత మోటారు బోటు కొనాలనుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలతో బయలుదేరుతారు. ధర ఎంత, ఇంజిన్ ఎలా ఉంది అని అడుగుతారు. రెండూ అడగవలసినవే గాని మొదట అడగవలసినవి కావు. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయించవచ్చు, అదీ కుదరకపోతే దించేసి మరొకటి బిగించవచ్చు. పడవ వెనుక పలక లోపల కుళ్లిపోయి ఉన్నా, కాగితాలు అమ్మేవారి పేరున లేకపోయినా పెట్టిన సొమ్ము చాలావరకు పోయినట్టే. అందుకే ఈ మార్గదర్శిలో కాగితాలు, పడవ దేహం ముందు వస్తాయి, ఇంజిన్ వంతు ఆ తర్వాత. మొదటిసారి కొనేవారు తాము చేయగల, చేయించగల మరమ్మతు ఎంతో ముందే తేల్చుకుని దానికి సరిపోయే పడవనే వెదకాలి. సగం పని జరిగి టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉన్న పడవలు ఈ తీరంలో తక్కువేమీ కావు, వాటిలో చాలావాటిని ఎవరో ఒకరు చవకగా దొరికిందనే కొన్నారు.

ఏ పడవ, ఏ పనికి

పడవతో ఏం చేయదలిచారో ముందుగా ఒక్క వాక్యంలో రాసుకోవాలి. సెలవురోజు ఉదయం ముగ్గురు నలుగురితో రుషికొండ, భీమిలి మధ్య తీరం వెంబడి వెళ్లి ఎండ ముదరకముందే తిరిగి రావడం ఒక రకం. గాలం వేయడానికి ఒడ్డు కనిపించనంత దూరం వెళ్లడం పూర్తిగా వేరు. మొదటిదానికి 16 నుంచి 20 అడుగుల ఫైబర్ బోటు, 25 నుంచి 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్, అంటే పడవ వెనుక బయట బిగించేది, సరిపోతాయి. రెండోదాన్ని తొలి పడవతో, అందులోనూ పాత ఇంజిన్‌తో తలపెట్టకూడదని నా అభిప్రాయం.

అమ్మకానికి వచ్చేవాటిలో నాలుగు రకాలు కనిపిస్తాయి. జాలరులు వాడిన ఫైబర్ తెప్పలు మోటుగా ఉన్నా కట్టుబడి గట్టిది, దాపరికం లేనిది. ఎక్కడ అతుకు వేశారో కంటికే కనిపిస్తుంది. పర్యాటకుల కోసం తిప్పి పక్కన పెట్టిన స్పీడు బోట్లు చూపుకు బాగుంటాయి, కాని రోజంతా అలల మీద ఎగిరెగిరి పడటం వల్ల వాటి అడుగు అలిసిపోయి ఉంటుంది. గోదావరి వైపు నుంచి లారీ మీద వచ్చే పడవలకు అడుగు చదునుగా, అంచులు తక్కువ ఎత్తులో ఉంటాయి కనుక అవి ఏటికి సరిపోతాయేగాని విశాఖ అలలకు పనికిరావు. ఇక పాత చెక్క మరపడవలు పొడవును బట్టి చూస్తే చాలా చవకగా అనిపిస్తాయి. ఏటా పలకల సందులు కూరి పూడ్చడం, చెక్కను తొలిచే సముద్రపు పురుగుతో పోరాడటం, తుప్పుపట్టిన మేకులు మార్చడం, హార్బరులో కట్టుకునే చోటు సంపాదించడం లెక్కవేస్తే అవి తొలి పడవ కొనేవారి ఇంటి బడ్జెట్‌కు లొంగేవి కావు. ఈ నాలుగింటిలో తెప్పకే నా ఓటు. తెప్ప దొరకకపోతే 18 అడుగుల లోపు స్పీడు బోటును చూడవచ్చు.

ఎప్పుడు, ఎక్కడ వెదకాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో, మోటారు పడవలతో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్ మొదలుకొని పెద జాలరిపేట, భీమిలి, ముత్యాలమ్మపాలెం, పూడిమడక వరకు పడవలు ఒడ్డుకెక్కి రంగులకూ మరమ్మతులకూ సిద్ధమవుతాయి. పాత పడవను చూడటానికి అంతకన్నా మంచి కాలం లేదు. నీటిలో ఉన్నప్పుడు దాగి ఉండే అడుగంతా కంటికి ఎదురుగా ఉంటుంది, ఫైబర్ పనివారు, బోటు మేస్త్రీలు, ఇంజిన్ మెకానిక్‌లు అందరూ ఒకేచోట దొరుకుతారు. విశాఖలో పెద్ద పోట్ల నాడు కూడా సముద్రం ఎక్కువ తక్కువల మధ్య తేడా ఒకటిన్నర మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. అందుకని పోటు తీసినప్పుడు పడవను ఇసుక మీద ఆన్చి తీరికగా అడుగు చూసుకునే వీలు ఇక్కడ తక్కువ. ఒడ్డుకెక్కిన పడవనే చూడాలి, లేదా అమ్మేవారి చేత ఎక్కించి చూడాలి. నీటిలో తేలుతున్న పడవను పైనుంచి చూసి బయానా ఇవ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆ రెండు నెలలూ పనివారికి తీరిక ఉండదు. చూడటం, బేరం చేయడం నిషేధ కాలంలో పెట్టుకుని, మరమ్మతును వానలు వెనకబడ్డాక చేయించుకుంటే పనివారూ దొరుకుతారు, కూలీ బేరమూ కుదురుతుంది.

కాగితాలు ముందు, పడవ తర్వాత

పడవ పక్కకు వెళ్లకముందే కాగితాలు చూపమని అడగాలి. వేట పడవ అయితే రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరు, అమ్మే మనిషి గుర్తింపు కార్డులోని పేరు ఒకటిగా ఉండాలి. పడవ పక్కన రాసిన ఐఎన్‌డి-ఏపీ అని మొదలయ్యే సంఖ్య పత్రంలోని సంఖ్యతో అక్షరం తప్పకుండా కలవాలి. ఇంజిన్‌కు విడిగా బిల్లు కావాలి, దాని మీద చెక్కిన వరుస సంఖ్యను బిల్లుతో సరిచూడాలి. విదేశం నుంచి వచ్చిన పాత ఇంజిన్ అయితే కస్టమ్స్ పత్రం కూడా అడగాలి. ప్రభుత్వ రాయితీతో వచ్చిన పడవ గాని, ఇంజిన్ గాని అయితే చేతులు మారడానికి షరతులు ఉండవచ్చు కనుక మత్స్యశాఖ కార్యాలయంలో విచారించాకే ముందుకు వెళ్లాలి. బ్యాంకు అప్పు మిగిలి ఉందేమో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

వేటకు నమోదైన పడవను కొని విహారానికి వాడుకుంటామంటే అనుమతులు వాటంతట అవే వెంటరావు. 2021 నాటి అంతర్గత జల నౌకల చట్టం నదులకు, కాలువలకు, బ్యాక్‌వాటర్లకు సంబంధించినది, సముద్రం మీదికి వెళ్లడానికి దాని కింద తెచ్చిన పత్రం చాలదు. డబ్బు చేతులు మారకముందే మత్స్యశాఖలో, ఏపీ మారిటైమ్ బోర్డులో, మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ఆ పడవ వివరాలు చూపి, దాన్ని ఏ పనికి, ఏ హద్దుల్లో నడపవచ్చో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఉన్న ప్రవేశ మార్గం గుండానే వర్తక నౌకలూ యుద్ధ నౌకలూ లోపలికి వస్తాయి. గుర్తింపు లేని చిన్న పడవ ఆ ప్రాంతంలో తిరిగితే ఆపి ప్రశ్నిస్తారు, ప్రశ్నించడమే సబబు. కాగితాల సంగతి తేలని పడవ ఎంత చవకైనా, చివరికి ఉచితంగా ఇస్తానన్నా తీసుకోకూడదు.

పడవ దేహాన్ని పరీక్షించడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఒక పూట పూర్తిగా కేటాయించాలి. టార్చి, ప్లాస్టిక్ సుత్తి, మొన సూటిగా ఉన్న స్క్రూడ్రైవరు, పాత గుడ్డలు, సుద్దముక్క తీసుకువెళ్లాలి. ముందు పది అడుగుల దూరం నుంచి అంచు వెంబడి చూపు సారించి, పక్కలు రెండూ ఒకే వంపులో ఉన్నాయా, ఎక్కడైనా లోపలికి కుంగిందా అని చూడాలి. ఆ తర్వాత అడుగు భాగమంతా అరచేతితో తడమాలి. పై పూతలో సన్నని గీతలు ఒకచోటి నుంచి చుట్టూ విచ్చుకుని ఉంటే అక్కడ పడవ దేనికో గట్టిగా కొట్టుకున్నట్టు, లేదా లోపలి ఆధారం ఊడినట్టు అర్థం. చిన్న చిన్న పొక్కులు ఉంటే ఒకదాన్ని గుచ్చి చూడాలి. ఘాటు వాసన గల జిడ్డునీరు వస్తే నీరు పూతను దాటి, ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్‌లోకి దిగిందన్నమాట. పొక్కులు కొద్దిగా ఉంటే చెక్కి, ఆరబెట్టి, పూడ్చవచ్చు. అడుగంతా ఉంటే ఆ పడవను అక్కడే వదిలేయాలి.

తర్వాతి పని సుత్తితో తట్టడం. జానెడుకొక దెబ్బ చొప్పున, గట్టిగా కాకుండా వరుసగా తట్టుకుంటూ వెళ్లాలి. మంచి ఫైబర్ నుంచి చురుకైన, పొడి శబ్దం వస్తుంది. పొరలు విడిపోయినచోట, లోపలి చెక్క నానినచోట ముదిరిన కొబ్బరికాయల మధ్య లేతకాయను తట్టినట్టు ఆ శబ్దం ఒక్కసారిగా మందగిస్తుంది. అలా మారిన ప్రతిచోటా సుద్దతో గీత గీయాలి. అరగంటకు ఆ గీతలన్నీ కలిసి ఒక పటం తయారవుతుంది. అవి చెదురుమదురుగా ఉన్నాయా, లేక ఒకే వరుసలో పడవ పొడవునా సాగుతున్నాయా అన్నది ముఖ్యం. పొడవునా సాగితే అడుగు కింద ఆధారంగా వేసిన దూలాలు, అంటే స్ట్రింగర్లు, కుళ్లాయని అనుమానించాలి. నేల పలక మీద మడమలు మోపి నడిచినప్పుడు అది మెత్తగా దిగితే ఆ అనుమానం బలపడుతుంది.

ఇక మెకానిక్‌లు ట్రాన్సమ్ అని పిలిచే వెనుక పలక దగ్గరికి రావాలి. అవుట్‌బోర్డ్ ఇంజిన్ బరువంతా, దాని తోపు అంతా ఈ పలక మీదే పడుతుంది. చాలా పడవల్లో బయట, లోపల ఫైబర్ పొరలు వేసి మధ్యలో ప్లైవుడ్ పెడతారు. ఇంజిన్ బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగితే బయటి ఫైబర్ చెక్కుచెదరకుండా ఉండగానే లోపలి చెక్క చీకిపోతుంది. ఇంజిన్‌ను పైకి వంచి, కింది భాగాన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపుతూ, మరొకరిని పలక పై అంచును గమనించమనాలి. పలక ఇంజిన్‌తో పాటు కదిలినా, మూలల్లో గీతలు తెరుచుకున్నా విషయం తేలిపోయినట్టే. అంతటితో తేలకపోతే అమ్మేవారి అనుమతితో నీటిమట్టానికి దిగువన ఉన్న ఒక స్క్రూను విప్పి చూడాలి. స్క్రూ మరల మీద తడి, తుప్పు నీరు ఉన్నాయా, రంధ్రం నుంచి గోధుమరంగు చుక్క జారుతుందా అన్నది నిమిషంలో తెలుస్తుంది. లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్టుతో ఒక రంధ్రం వేయనిస్తే ఇంకా మంచిది. పొట్టు పొడిగా, లేత రంగులో, చెక్క వాసనతో రాలితే ఆ పలక బతికి ఉంది. నల్లగా వచ్చి వేళ్ల మధ్య నలిపితే ముద్దయిపోతే పలక మొత్తం మార్చవలసిందే. రంధ్రాన్ని ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పూడ్చి ఇస్తామని ముందే చెబితే నిజాయితీగా అమ్మేవారు చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి దగ్గర ధర గురించి మాట్లాడవలసిన పని లేదు.

చాలామంది మరిచిపోయే మరో పరీక్ష తూకం. పడవ మునగకుండా అరల్లో నురుగు నింపి ఉంటే, ఏళ్ల తరబడి వాన నీటిని, ఉప్పు నీటిని పీల్చి ఆ నురుగు బరువెక్కుతుంది. దాన్ని బయటినుంచి కనిపెట్టలేం. పడవను లారీ మీదికి ఎక్కించే అవకాశం ఉంటే ఖాళీ లారీని ఒకసారి, పడవతో మరొకసారి వేబ్రిడ్జి మీద తూయించి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చాలి. తేడా క్వింటాళ్లలో ఉంటే నేల పలక కోసి నురుగంతా తవ్వి తీయవలసి వస్తుంది. అది వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది, చేయబోతే వారాలు పడుతుంది.

ఇంజిన్

అమ్మేవారు ‘మీరొస్తారని ఇప్పుడే స్టార్టు చేసి ఉంచాను సార్’ అంటే సంతోషించకూడదు. వేడెక్కిన ఇంజిన్ దాదాపు ఎప్పుడూ సులువుగానే అందుకుంటుంది, దాని అసలు గుణం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వెళ్లగానే పైమూత తీసి ఇంజిన్ మీద చేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే టీ తాగి వచ్చి, పూర్తిగా చల్లారాకే స్టార్టు చేయమనాలి.

స్టార్టు చేయకముందే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కింది గేర్‌పెట్టెలోని ఆయిల్‌ను కాస్త దించి చూస్తే, అది తెల్లబారి చిక్కగా ఉన్నట్లయితే లోపలికి నీరు వెళ్తోందని అర్థం. సీలు మార్పుతో సరిపోవచ్చు, గేర్లు, బేరింగులు తినేసి కూడా ఉండవచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించాలి. అన్నింటి అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి, ఒకదానికి మరొకదానికి పది శాతం మించి తేడా వస్తే తక్కువ చూపిన సిలిండర్‌లో అరుగుదలో, విరిగిన రింగో ఉందని భావించాలి. జింకు పలకలు సగానికి మించి అరిగాయా, వాటిపై ఎవరైనా రంగు పూశారా అని చూడాలి. ఇంజిన్ లోహానికి బదులు తాము తినబడటమే ఆ పలకల పని కనుక రంగు పూస్తే అవి దండగ.

నీరు లేకుండా అవుట్‌బోర్డ్‌ను నడపకూడదు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కొద్ది క్షణాల్లోనే మాడిపోతుంది. ఇంజిన్ కింది భాగం మునిగేలా డ్రమ్ములో మంచినీరు పోసి స్టార్టు చేయాలి. పక్కన ఉన్న చిన్న రంధ్రం నుంచి నీటిధార నిలకడగా రావాలి. సన్నగా, తెగుతూ వస్తే ఇంపెల్లర్ మార్చాలి, మార్చినా అలాగే ఉంటే లోపలి దారులు ఉప్పుతో పూడుకుపోయాయని అర్థం. రెండోది మొదటిదానికి ఎన్నో రెట్లు ఖరీదైన మరమ్మతు. టూస్ట్రోక్ ఇంజిన్ అయితే ఇన్నాళ్లూ ఏ ఆయిల్ కలిపారో అడగాలి. నీటితో చల్లబడే ఈ ఇంజిన్లకు టీసీ-డబ్ల్యూ3 రకం ఆయిల్ కావాలి, మోటారు సైకిళ్లకు వాడే టూటీ ఆయిల్‌తో ఏళ్ల తరబడి నడిపిన ఇంజిన్‌లో మసి పేరుకుని ఉంటుంది.

లోపల బిగించిన డీజిల్ ఇంజిన్ అయితే పొగను గమనించాలి. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీరో, కాలని డీజిలో వస్తున్నట్టు. నీలిపొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. బరువు మీద నల్లపొగ అయితే గాలి చాలకపోవడమో, ఇంజెక్టర్లు పాడవడమో, పంఖా (ప్రొపెల్లర్) పెద్దదవడమో కారణం కావచ్చు. షాఫ్టు బయటికి వెళ్లేచోట నడుస్తున్నప్పుడు అప్పుడొక చుక్క, ఇప్పుడొక చుక్క నీరు పడటం పాత తాడు ప్యాకింగ్‌కు సహజం. ధారగా వస్తే కాదు.

నీటి మీద పరీక్ష, ఆ తర్వాత బేరం

ఒడ్డు మీద అన్నీ బాగున్నాయనిపించినా నీటి మీద గంటసేపు నడిపి చూడకుండా ఒప్పందం రాసుకోకూడదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ తాగునీటి జలాశయాలు కనుక మోటారు పడవ ప్రయోగాలకు అవి చోటు కావు. అమ్మేవారి అనుమతులతో, వారి సరంగు నడుపుతుండగా సముద్రంలోనే చూడాలి. జనవరి నుంచి మార్చి వరకు ఉదయం పూట సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది కనుక తొమ్మిదికల్లా తిరిగి వచ్చేలా పెట్టుకోవాలి. పూర్తి వేగంలో ఇంజిన్ తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం పరిధిని అందుకుంటోందా, చుక్కాని రెండు వైపులా బిగుసుకోకుండా తిరుగుతోందా, వెనక్కి నడిపేటప్పుడు గేరు జారుతోందా అన్నవి చూడాలి. బయలుదేరే ముందు, లోపలికి వచ్చిన నీరు చేరే అడుగు గుంటను గుడ్డతో తుడిచి ఆరబెట్టి, తిరిగివచ్చాక అందులో చేరిన నీటిని కొలవాలి. చేరిన నీరు వేలితో నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉందో లేదో తెలుస్తుంది. ఉప్పగా ఉంటే అది ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టేదాకా ఇంటికి వెళ్లకూడదు.

బేరానికి ముందు బయటి మనిషి చేత చూపించాలి. విశాఖ ఓడరేవు నగరం కనుక మెరైన్ సర్వేయర్లు దొరుకుతారు, చిన్న పడవకు కూడా వారి నివేదిక పనికొస్తుంది, బీమా కంపెనీ దాన్ని అడగవచ్చు. ఆ ఖర్చు ఎక్కువ అనిపిస్తే, అమ్మేవారితో సంబంధం లేని మరో ఊరి ఫైబర్ పనివాడికి ఒక రోజు కూలీ ఇచ్చి తీసుకువెళ్లాలి. అమ్మేవారి మెకానిక్ చేత అమ్మేవారి ఇంజిన్‌ను పరీక్షింపజేయడం వల్ల ఒనగూడేది ఏమీ లేదు. సుద్ద గీతల ఫోటోలు, కంప్రెషన్ అంకెలు, మార్చవలసిన వస్తువుల జాబితా ముందు పెట్టుకుని బేరమాడాలి. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి మించి పడవ ధరకు పెట్టకూడదని నా లెక్క. మిగతా సగం మరమ్మతుకు, రవాణాకు, భద్రతా సామగ్రికి కచ్చితంగా అవసరమవుతుంది. ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసుకుని పడవ సంఖ్య, ఇంజిన్ వరుస సంఖ్య, బకాయిలు లేవన్న మాట, రిజిస్ట్రేషన్ బదిలీ అయ్యేదాకా కొంత సొమ్ము నిలిపి ఉంచుతామన్న షరతు అందులో చేర్చాలి.

మరమ్మతు క్రమం

అందరికీ ముందు రంగు వేయాలనిపిస్తుంది. రంగు చివరి పని. మొదట దేహం, తర్వాత నీటిమట్టానికి దిగువన ఉన్న రంధ్రాలు, బిగింపులు, ఆపైన ఇంధనం దారి, కరెంటు, ఇంజిన్ వరుసగా రావాలి. పడవను నీడలో, ముక్కు కాస్త ఎత్తుగా, అడుగు బిరడా తీసి నిలబెట్టి కనీసం కొన్ని వారాలు ఆరనివ్వాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. తడి చెక్క మీద, తడి ఫైబర్ మీద వేసిన పొర ఆ రోజుకు అంటుకున్నట్టే కనిపించి, ఒక్క సీజనులో పెచ్చులూడుతుంది. జల్లులు పడే రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడం మేలు.

వెనుక పలక మార్చవలసి వస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. వంటింటి అల్మారాలకు వాడే ఐఎస్ 303 రకం ఇందుకు సరిపోదు. కోసిన అంచులన్నింటికీ, బోల్టు రంధ్రాల లోపలి గోడలకూ ఎపాక్సీ పట్టించకుండా చెక్కను బిగిస్తే పాత కథే పునరావృతమవుతుంది. చిల్లును పూడ్చేటప్పుడు దాని అంచును ఏటవాలుగా అరగదీయాలి. ఫైబర్ మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఆ ఏటవాలు ఉండాలి, అంటే 5 మిల్లీమీటర్ల మందానికి 60 మిల్లీమీటర్లు. ఇది చూసి అంత పెద్దదెందుకని పనివారు నవ్వవచ్చు, అయినా పట్టుబట్టాలి. అతుకు బలమంతా ఆ వెడల్పులోనే ఉంది. పాలియెస్టర్ పాత పొర మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది గాని, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టుకోదు. పాలియెస్టర్‌తో వాడే 450 గ్రాముల చాప్డ్ మ్యాట్‌ (తునకల గాజుపీచు పరుపు)లోని బైండరు ఎపాక్సీలో కరగదు కనుక ఎపాక్సీతో నేసిన గుడ్డనే వాడాలి.

ప్రాణానికి సంబంధించిన ఒక హెచ్చరిక ఇక్కడ చెప్పి తీరాలి. పాలియెస్టర్ రెసిన్‌తో పాటు కోబాల్టు యాక్సిలరేటరు, ఎంఈకేపీ అనే హార్డెనరు విడివిడి సీసాల్లో ఇస్తే, ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు. కలిస్తే భగ్గున మండుతుంది, పేలనూ వచ్చు. ముందు యాక్సిలరేటరును రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనరును రెసిన్ బరువులో ఒకటి రెండు శాతం మేర వేయాలి. ఒకే చెంచాతో రెండు సీసాలనూ తాకడం, ఒకే డబ్బాలో రెంటినీ దాచడం కూడా ప్రమాదమే. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, అరగదీసేటప్పుడు గుడ్డ రుమాలు చాలదు, ధూళి ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి.

ఇంధనం విషయంలో పాత పడవలకు కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ఫైబర్‌తో కట్టిన పాత ట్యాంకు రెసిన్‌ను కరిగించి కార్బొరేటరులోకి తేవచ్చు. కనుక పాత గొట్టాలన్నీ మార్చాలి, నీటిని వేరుచేసే ఫిల్టరు బిగించాలి, ట్యాంకులో పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకూడదు. కరెంటు పనిలో ఇళ్ల వైరింగు తీగను వాడటం మామూలుగా జరిగే తప్పు. తగరం పూత ఉన్న రాగి తీగ తెచ్చి, ప్రతి దారికీ ఫ్యూజు పెట్టి, అతుకులు అడుగు గుంటకు ఎత్తున ఉంచాలి. బోల్టులు కొనేటప్పుడు 316 రకం అని అడిగి తీసుకోవాలి, ఊరికే స్టెయిన్‌లెస్ అంటే సాధారణంగా 304 చేతిలో పెడతారు, అది ఉప్పునీటిలో ముందుగా మచ్చలు తేలుతుంది.

నీటిలోకి దించే ముందు, దించాక

లైఫ్ జాకెట్లు మనిషికొకటి చొప్పున ఉండి, ఒంటి మీద ఉండాలి. సీటు కింద ఉన్న జాకెట్ ప్రమాద సమయంలో చేతికి అందదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన తర్వాత ఈ మాటను ఎవరికీ విడమరిచి చెప్పనవసరం లేదు. లంగరు, దానికి సరిపడా తాడు, తెడ్లు రెండు, నీరు తోడే డబ్బా, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, టార్చి, పొడి రసాయనపు అగ్నిమాపకం పడవలో ఉండాలి. వీహెచ్ఎఫ్‌లో ఆపద పిలుపుకు 16వ ఛానెల్, కోస్ట్ గార్డుకు ఫోను 1554. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో చెలరేగిన మంటల్లో పక్కపక్కన కట్టి ఉన్న పడవలు పదుల సంఖ్యలో కాలిపోయాయి. అందుకని పడవలో పెట్రోలు డబ్బాలు, గ్యాసు సిలిండరు వదిలిపెట్టి రాకూడదు, బీమా లేని పడవను అక్కడ కట్టకూడదు.

వాతావరణం కోసం విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను, సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సూచనలను ముందురోజు రాత్రి, బయలుదేరే ముందు మళ్లీ చూడాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం గరుకుగా ఉంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. మొదటి ఏడాది ఆ నెలలు పడవను ఒడ్డు మీద, అల చేరలేనంత ఎత్తున ఉంచి, ఇంజిన్ దించి ఇంట్లో పెట్టుకోవడం మంచిది. తీరం నుంచి అలల మీదుగా పడవను బయటికి తీయడం, తిరిగి తెచ్చి ఇసుకకెక్కించడం రెండూ నేర్చుకోవలసిన విద్యలే. మొదటి కొన్నిసార్లు ఆ తీరంలో పుట్టి పెరిగిన జాలరిని వెంట తీసుకువెళ్లాలి, ఏ అల తర్వాత తోయాలో ఆయన చెప్పినప్పుడే తోయాలి. పడవ అలకు అడ్డంగా తిరిగిందా, తర్వాతి అల దాన్ని బోర్లా వేస్తుంది.

అడుగు బిరడాను స్టార్టింగ్ తాళం చెవికి తాడుతో కట్టి ఉంచితే, స్టార్టు చేసే ముందు దాన్ని బిగించాలని గుర్తొస్తుంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ డ్రమ్ములో మంచినీటితో ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, బయటి భాగాలు కడిగి, అడుగు గుంట ఆరబెట్టి, బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టాలి. గేర్‌పెట్టె ఆయిల్‌ను మొదటి సీజనులో నెలకొకసారి దించి చూడాలి, రంగు మారడం మొదలైతే సీలు వెంటనే మార్పించాలి.